మంద్రానికి మెరుగు

నాలుగు తీగల మంద్రమా, బేస్ గిటారా, ఆంప్ ఆపేశాను, కేబుల్ పీకేశాను. బల్ల మీద దుప్పటి పరిచి నీ మెడ కింద మెత్త పెట్టాను. ఈ పూట నీతో పాట పని లేదు. ఒళ్ళు అప్పగించి పడుకో.

పాటలో నువ్వున్నావని చాలామందికి తెలియదు. పాడే గొంతు వింటారు, లీడ్ గిటార్ వింటారు, డ్రమ్ముకు తల ఊపుతున్నామనుకుంటారు. ఆ ఊపులో సగం నీదే. నీ లావుపాటి ‘ఇ’ తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఫోను స్పీకరుకు అంత లోతు అందదు కనుక ఫోన్లో పాటలు వినేవాళ్ళకు నువ్వు నీడగానే దక్కుతావు. ఇళయరాజా పాటల్లో శశిధరన్ వేళ్ళు, రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ వేళ్ళు నడిచిన దారిని పట్టుకుని, పల్లవి వదిలేసి దాన్నే కూనిరాగం తీసే శ్రోతలు మన తెలుగువాళ్ళలోనూ ఉన్నారు. తక్కువమందే. వాళ్ళ చెవులకు దండం.

నీకంటే ముందు ఈ బరువంతా డబుల్ బేస్ మోసేది. మనిషంత ఎత్తు, మోసుకు తిరగడం కష్టం, పైగా బ్యాండు గట్టిగా వాయిస్తే దాని గొంతు వినపడేది కాదు. 1951లో కాలిఫోర్నియాలో, ఫుల్లర్టన్ అనే ఊళ్ళో, లియో ఫెండర్ నిన్ను భుజానికి తగిలించుకునేలా చేశాడు. మెడ మీద ఫ్రెట్లు, అంటే అడ్డంగా లోహపు పట్టీలు, కొట్టి, వేలు పడ్డ చోట స్వరం తప్పకుండా పలికించి, ప్రెసిషన్ అని పేరు పెట్టాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. రేడియోలు బాగుచేసిన చేతులవి. ఆ చేతులకూ దండం.

కీలు ఒక్కొక్కటే తిప్పుతున్నాను. నాలుగు తీగలూ వదులయ్యేసరికి నీ మెడ మీద నుంచి సుమారు 80 కిలోల లాగుడు దిగిపోతుంది. ఇంత లాగుడును రాత్రీ పగలూ తట్టుకుని నిలిచావంటే, నీ కొయ్యకూ దాని లోపల దాక్కున్న ఉక్కు కడ్డీకీ మొక్కాలి. తీగలు తీశాక నీ ఫ్రెట్‌బోర్డు నగ్నంగా కనిపిస్తుంది. ఎంత నల్లగా ఉన్నావు! ఫ్రెట్ల అంచుల వెంట చెమటా నూనే చచ్చిన చర్మమూ కలిసి జిగురుకట్టాయి. ఆ జిగురు దాపరికం తెలియని సాక్షి. మొదటి ఐదు ఫ్రెట్ల దగ్గర మందంగా ఉంటుంది, ఏడు దాటాక పలచబడుతుంది. సోలోల గురించి కబుర్లు చెప్పేవాడి బేస్ దొరికితే పన్నెండో ఫ్రెట్ అవతల ఒకసారి చూడండి.

నీది రోజ్‌వుడ్. పైన పూత లేని పచ్చి కొయ్య, దాహం వేస్తుంది. పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో జిగురు గీకి, గుడ్డకు రెండు చుక్కల నిమ్మనూనె అంటించి రుద్దితే ఆ కొయ్య చాయ మారుతుంది. మట్టిరంగు కింద నుంచి ఎరుపూ, ఆ ఎరుపులో నల్లటి చారలూ మెల్లగా పైకి లేస్తాయి. ఇన్నాళ్ళూ అవి అక్కడే ఉన్నాయి. మిగిలిన నూనె వెంటనే తుడిచేయాలి, కొయ్య తాగేది కొంచెమే. నీ తోడబుట్టిన మేపుల్ మెడకైతే పైన గట్టి పూత ఉంటుంది, దానికి తడి గుడ్డ చాలు. నూనె పోసినా అది తాగదు.

నీ ఫ్రెట్లు జర్మన్ సిల్వర్, అంటే రాగీ నికెలూ జింకూ. వెండి వాసన కూడా లేదు. ఇత్తడి కుందులకు పట్టించినట్టు చింతపండు పట్టించాలని తెలుగు చేయి తహతహలాడుతుంది. వద్దు. పీతాంబరి అసలే వద్దు. 0000 నంబరు ఉక్కు పీచుతో ఒక్కో ఫ్రెట్టూ మెత్తగా రుద్దాలి. దానికి ముందు కొయ్య మీదా పికప్‌ల మీదా మాస్కింగ్ టేపు అంటించాలి. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు. పీచు నుంచి రాలే ఉక్కు పొడి అక్కడికే పరిగెడుతుంది, ఇక వదలదు. రుద్దడం అయ్యాక టేపు ఊడదీస్తే ఫ్రెట్లు వరుసగా వెలుగుతాయి. ఇరవై. ఈ పనంతటిలో నాకు కన్ను చెదిరేది ఈ ఒక్క క్షణమే.

ఇక నీ ఒళ్ళు. బెల్టు బకిల్ వీపున గీసిన గీతలు, బొటనవేలు ఆనీ ఆనీ పికప్ అంచున అరిగిన చోటు, ఏ మైకు స్టాండో తగిలి లేచిన పెచ్చు. వీటి మీద మురికి తీస్తాను, వీటిని తీయను. పాత నైట్రోసెల్యులోజ్ పూత ఉన్నవాటికి ఆల్కహాల్ తగలనివ్వకూడదు, పూత కరుగుతుంది. రబ్బరు స్టాండుకు ఆనించి నెలల తరబడి వదిలేసినా మచ్చ పడుతుంది. సిలికాన్ కలిపిన పాలిష్ కొయ్యలోకి ఇంకితే రేపు కొత్త రంగు వేయాల్సి వచ్చినప్పుడు అది సరిగా పట్టదు. మైక్రోఫైబర్ గుడ్డా, నోటి ఆవిరీ, ఓపికా చాలు.

తీగల దగ్గరకొస్తే నీ భక్తులు రెండు వర్గాలు. డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకు పునాది వేసిన జేమ్స్ జేమర్‌సన్, తన 1962 ప్రెసిషన్‌కు తెగితే తప్ప తీగ మార్చేవాడు కాదు. మురికిలోనే మజా ఉందని ఆయన నమ్మకం. ఒక్క చూపుడువేలితో వాయించాడు. 1983లో పోయాడు, ఆ బేస్ అంతకు కొద్దికాలం ముందే దొంగల పాలైంది. అవతల జాకో పాస్టోరియస్. ఫ్రెట్లు తీసేసిన 1962 జాజ్ బేస్ గాడులు పూడ్చి, పడవలకు వేసే ఎపాక్సీ పూసి అద్దంలా చేశాడు. ఆ మెరుపు మీద గరుకు చుట్ల రౌండ్‌వౌండ్ తీగ జారుతుంటే నువ్వు పాడావు, మనిషి గొంతుతో పోటీగా. ఒకరు మట్టిని కొలిచారు, ఒకరు మెరుపును. ఇద్దరూ నిన్నే కొలిచారు.

నా ఓటు చెబుతాను. జేమర్‌సన్‌వి ఫ్లాట్‌వౌండ్ తీగలు, నున్నటివి, వయసు మీద పడ్డకొద్దీ గొంతు ముదిరి గుండ్రనవుతుంది. ఆయన మాట వాటికే చెల్లు. రౌండ్‌వౌండ్ చుట్ల మధ్య సందుల్లో మురికి దూరితే పై స్వరాలు ముందు చస్తాయి. గణగణ పోయి దబదబ మిగులుతుంది. వేడినీళ్ళలో పది నిమిషాలు మరిగించి, తడి లేకుండా ఆరబెట్టి తొడిగితే కొన్నాళ్ళు మళ్ళీ మోగుతాయి. (ఇంట్లో అడగకుండా పాలగిన్నె వాడితే తర్వాతి సంగతులకు నాది పూచీ లేదు.) అది కొన్నాళ్ళ ముచ్చటే, తర్వాత కొత్త తీగలు కొనాల్సిందే. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి సముద్రపు ఊళ్ళలో తీగలతో పాటు బ్రిడ్జి స్క్రూలూ తుప్పుపడతాయి. ఉప్పుగాలి వేళ్ళ చెమట కోసం ఆగదు.

వాయించేవాళ్ళకు ఒక మాట. ఇంత పూజ ఏడాదికి రెండుసార్లు చాలు. రోజూ చేయాల్సింది మాత్రం చిన్నదే: బేస్‌ని కేసులో పెట్టేముందు పొడి నూలుగుడ్డ తీగల కింద దూర్చి, బ్రిడ్జి నుంచి తల దాకా ఒక్కసారి లాగండి. పాత బనీను ముక్క ఉంటే అదీ చాలు, కొనక్కర్లేదు.