కోపు పేరు ఎవరిది?

జానపద కళను గురించి వ్రాసేటప్పుడు పాటను ముందు పెట్టుకొని ఆటను మరచిపోవడం మనకు పరిపాటి అయింది. పాట సాహిత్యమట, ఆట వినోదమట! ఈ విభజన ప్రజలు చేసింది కాదు. పుస్తకాలు చదువుకున్న మనం చేసింది.

కోలాటాన్నే తీసుకుందాం. అందులో ఒక్కొక్క అడుగుల వరుసను కోపు అంటారు. మా నందిపేట్ వైపు గాని, మరో చోట గాని, కోపును నేర్పేది గురువు నోటిమాటే. ఆ పని చేసే పేరు అలంకారం కాదు, పనిముట్టు. జడకోలాటం చూడండి. పైన కట్టిన తాళ్ల కొసలు పట్టుకొని సగం మంది ఇటు, సగం మంది అటు, ఎదురైన ఒకరిని లోపలినుంచి, మరొకరిని వెలుపలినుంచి దాటుతూ పోతే తాళ్లు జడగా అల్లుకుంటాయి. తిరిగి నడిస్తే విడిపోతాయి. ఒక్కరు తప్పితే చిక్కే. 'జడ' అన్న రెండక్షరాలలో ఈ పద్ధతంతా ఉన్నది. రోజూ జడ వేసే చేతికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

కాకతి గణపతిదేవుని గజసేనాని జాయప 1253-54లో రచించిన నృత్త రత్నావళి ఎనిమిది అధ్యాయాలలో నాలుగు దేశి నృత్తాలకే ఇచ్చాడు. అది గొప్ప పని. అయితే కోలల ఆట అక్కడ దండరాసకమయింది. శాస్త్రానికి ఆ పేరు చాలు. అది విని ఏ కాలూ కదలదు. సంస్కృత గ్రంథకర్తను తప్పు పట్టను. నేడు కూడా ఆట రంగస్థలం ఎక్కగానే దానికి 'గౌరవమైన' పేరు వెదికేవారినే ప్రశ్నించాలి.

అలాగని పాత పేరల్లా పవిత్రమా? కాదు. అమెరికాలో రెండు వరుసలు ఎదురెదురుగా నిలిచి ఆడే కాంట్రా నృత్యం ఉన్నది. అక్కడ ఇద్దరు ఒకరినొకరు చూసుకుంటూ చుట్టి వచ్చే నడకను 'జిప్సీ' అనేవారు. ఆ మాట రోమా జనులను కించపరుస్తుందని 2010 దశకంలో అనేక బృందాలు దాన్ని విడిచాయి. 'కుడిభుజం చుట్టూ' అనే పేరు చాలాచోట్ల వచ్చింది. మార్చినవారు ఆడేవారే, కొత్త పేరు కాలికి దారి కూడా చెబుతున్నది.

ఇదే మనకు గీటురాయి కావాలి. పేరు ఆడేవారిదా? అది కాలికి ఏమైనా చెబుతున్నదా? బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడి పాటల పరిశోధనకు బాట వేసింది. ఇక పాట వ్రాసుకునే ప్రతి విద్యార్థీ, దానికి ఏ కోపు వేస్తారో, ఆ పేరేమిటో పక్కనే వ్రాసుకోవాలి. గురువు పోయిన మరునాడు ఆ పేరు చెప్పే నోరు ఉండదు.