మర్యాద మీరిన ఉత్తరం

కిందటేడు శ్రావణమాసంలో నా బాల్యమిత్రుడొకడు నాకు ఈమెయిల్ రాశాడు. వాడూ నేనూ రాజమండ్రిలో ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నవాళ్లం. రిటైరయ్యాక మనవడి దగ్గర కంప్యూటరు నేర్చుకుని, కొత్త చిరునామా ఒకటి సంపాదించి, మొదటి ఉత్తరం నాకే వదిలాడు. వేళాకోళం లేనిదే వాడికి అన్నం సయించదు. అందుకని ఉత్తరం నెత్తిన ఎర్రెర్రని అక్షరాలతో "అభినందనలు! తమరు కోటి రూపాయలు గెలుచుకున్నారు!!!" అని పెట్టాడు. "గౌరవనీయులైన మహాశయా" అని మొదలెట్టి, కోటి ముట్టాలంటే ముందుగా ఒక పళ్లెం ఉల్లిపాయ పకోడీ పూచీకత్తుగా సమర్పించుకోవాలని షరతులు రాశాడు. అసలు సంగతి ఆఖర్న రెండు ముక్కల్లో ఉంది. కంటి ఆపరేషనుకి హైదరాబాదు వస్తున్నాను, నాలుగు రోజులుంటాను, ఎప్పుడు రమ్మంటావురా అని.

ఆ ఉత్తరం నేను చూడలేదు. నా పెట్టెకి కాపలా కాసే జల్లెడ దాన్ని పట్టుకుని చెత్తబుట్టలో పారేసింది. మూడు వారాలు పోయాక మరేదో వెతుకుతూంటే కనబడింది. అప్పటికి వాడు రావడమూ, కన్ను బాగుచేయించుకోవడమూ, వెళ్లిపోవడమూ అయిపోయాయి. కంగారుగా ఫోను చేశాను. "మీకు తీరిక లేదనుకున్నానండీ" అన్నాడు. ఫోను చేసి ఉండాల్సిందిరా అంటే, "ఉత్తరానికే జవాబివ్వనివారిని ఫోనులో వేధించడం దేనికండీ" అన్నాడు. అరవై ఏళ్లుగా 'ఒరే' అన్న నోరు 'అండీ' అనేసరికి నా నోట మాట రాలేదు.

ఇంత పని చేసిన జల్లెడ ఏ శాస్త్రం చదువుకుందో తెలుసుకుందామని బయల్దేరితే, ఒక వ్యాసం చేతికి తగిలింది. పేరు 'ఎ ప్లాన్ ఫర్ స్పామ్'. 2002 ఆగస్టులో రాసినవాడు పాల్ గ్రాహం అనే అమెరికన్ ప్రోగ్రామర్. లిస్ప్ అనే కంప్యూటరు భాష మీద పుస్తకాలు రాసిన మనిషి. కథలూ కవితలూ తూకం వేసే ఈ పేజీలో కంప్యూటరు వ్యాసమేమిటని పాఠకులు కోప్పడకూడదు. అది చక్కని వ్యాసం. పైగా దాని విషయం కూడా విమర్శే. ఏది పనికొచ్చే రాత, ఏది చెత్త, ఎలా తేల్చడం అన్నదే దాని ప్రశ్న.

గ్రాహం మొదట మనందరిలాగే ఆలోచించాడు. చెత్త ఉత్తరాల లక్షణాలు ఒక్కొక్కటీ పట్టుకుని వాటిని నిషేధిస్తే సరిపోతుందనుకున్నాడు. 'క్లిక్' అన్న ఒక్క మాట కనబడితే చాలు, ఆయన దగ్గరున్న చెత్తలో 79.7 శాతం దొరికిపోయిందట. అన్యాయంగా పట్టుబడ్డ మంచి ఉత్తరాలు 1.2 శాతమేనట. చేతిలోకి వచ్చేసిందనిపిస్తుంది. కానీ మిగిలిన కాస్త చెత్త కోసం ఎన్ని నియమాలు పెంచితే అంతమంది అమాయకులు ఇరుక్కుంటారు. ఈ మార్గంలో ఆరునెలలు కాలం వెళ్లబుచ్చానని ఆయనే ఒప్పుకుంటాడు. తన తెలివితక్కువతనాన్ని ముందు పెట్టి తెలివిని వెనక పెట్టేవాడి మాట నమ్మబుద్ధవుతుంది.

తర్వాత పట్టిన దారి లెక్కల దారి. నాలుగు వేల చెత్త ఉత్తరాలూ, నాలుగు వేల మంచి ఉత్తరాలూ రెండు కుప్పలు పోశాడు. ఏ మాట ఏ కుప్పలో ఎన్నిసార్లు వచ్చిందో యంత్రం చేత లెక్కపెట్టించాడు. ప్రతి మాటకీ సున్నాకీ ఒకటికీ మధ్య ఒక మార్కు. కొత్త ఉత్తరం రాగానే అందులో మరీ ఎక్కువ నేరం గానీ, మరీ ఎక్కువ మంచితనం గానీ కనబరిచే పదిహేను మాటల్ని సాక్ష్యానికి పిలుస్తారు. అందరి సాక్ష్యమూ కలిపి 0.9 దాటితే ఉత్తరం చెత్త. ఈ కూడిక వెనకనున్న సూత్రం థామస్ బేస్ అనే ఇంగ్లీషు మతగురువు పేరు మీద ఉంది. ఆయన 1761లో పోతే, వ్యాసం 1763లో స్నేహితుడు అచ్చు వేయించాడు. దారి గ్రాహం కనిపెట్టింది కాదు. 1998లోనే పరిశోధకులు ఇలాంటి పద్ధతి ప్రయత్నించారు. కానీ పదిమంది చేతా దాన్ని చేత పట్టించింది ఈ వ్యాసమే.

నాకు నచ్చింది లెక్క కాదు, లెక్కలోని దయ. మంచి ఉత్తరాల్లో కనబడ్డ మాటని ఆయన రెండింతలుగా లెక్కపెట్టాడు. వందమంది దొంగలు తప్పించుకున్నా ఒక్క అమాయకుడికి శిక్ష పడకూడదన్న నీతి ఇక్కడ ఒక గుణకారంగా మారింది. ముక్కూ మొహం తెలియని మాటకి 0.4 ఇచ్చాడు. కొత్తవాణ్ణి చూడగానే దొంగ అనకుండా, కాస్త మంచివాడి వైపే మొగ్గడం అన్నమాట. మనలో ఎంతమంది విమర్శకులు కొత్త కవికి ఆ 0.4 ఇస్తున్నాం?

ఇక వ్యాసంలో అసలు రత్నం ఒకటుంది. ఏ మాటలు నేరస్థులో చూస్తే, బూతుమాటల పక్కనే 'మేడమ్' అన్న మాట దొరికింది. దాని మార్కు 0.99. అయ్యా, అమ్మా అంటూ దండాలు పెట్టే ఉత్తరాలు చెత్తలో ఉన్నాయి కానీ, ఆయన స్నేహితులెవరూ ఆయనకి అలా రాయరు. మరొక నేరస్థుడు ఎరుపు రంగు. అక్షరాలకి ఎర్రరంగు వేసే సంకేతం 'ఎఫ్ ఎఫ్ 0000' ఎంత పచ్చిబూతుకైనా తీసిపోని సాక్ష్యమట. నేనిక్కడ కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. నా స్నేహితుడు ఎరుపూ వేశాడు, 'గౌరవనీయులైన' అనీ అన్నాడు! ఈ కాలపు జల్లెడలు మాటలతో ఆగవు. పంపినవాడి చిరునామా, ఉత్తరం వచ్చిన దారి, ఎంతమంది దాన్ని చెత్తన్నారు, ఇలాంటివెన్నో చూస్తాయి. కొత్త చిరునామా కూడా పెట్టుకున్న పాపానికి వాడికి ఉరి ఖాయమే.

తెలుగువాడికి ఇందులో తెలుసుకోవాల్సింది చాలా ఉంది. మనకి దగ్గరితనం పెరిగినకొద్దీ మర్యాద తగ్గుతుంది. 'ఒరే' అన్నవాడు ఆప్తుడు, 'వెధవా' అన్నవాడు మరీ ఆప్తుడు. 'తమరి దివ్యసముఖానికి' అన్నవాడు అప్పుకి వచ్చాడన్నమాటే. దీనికి మనవాళ్లు నిందాస్తుతి అని పేరు పెట్టి అలంకారశాస్త్రంలో పీట వేశారు. రామదాసు గోలకొండ చెరసాలలో కూర్చుని రాముడి నగలకి ఎన్నెన్ని మొహరీలు ఖర్చయ్యాయో లెక్క చెప్పి, ఎవడబ్బ సొమ్మని నిలదీశాడు. ఆ కీర్తన ఈమెయిల్లో పంపితే డబ్బు లెక్కలూ, బంగారమూ, తిట్లూ చూసి ఏ జల్లెడైనా ఏం చేస్తుందో మీరే ఊహించుకోండి. భక్తి ఏ మాటలోనూ లేదు. మాటల మధ్యనుంది.

ఇంకొక తమాషా. 'స్పామ్' అన్న మాటే వేళాకోళంలో పుట్టింది. అది 1937లో అమెరికాలో వచ్చిన డబ్బా మాంసం పేరు. 1970లో బ్రిటిష్ టెలివిజన్‌లో మాంటీ పైథాన్ బృందం ఒక ప్రహసనం వేసింది. హోటల్లో ఏ వంటకం అడిగినా అందులో స్పామ్ ఉంటుంది. పక్కన కూర్చున్న కొందరు అదే మాటని పాటగా అందుకుని ఎవర్నీ మాట్లాడనివ్వరు. కంప్యూటర్ల మీద ఆటలాడే కుర్రాళ్లు 1980లలో ఆ చేష్టనే అనుకరించి, ఎదుటివాడి తెర నిండిపోయేలా ఆ మాట కొట్టి ఏడిపించేవారు. 1994లో అరిజోనాకి చెందిన ఒక లాయర్ల జంట గ్రీన్‌కార్డు లాటరీ పేరుతో తమ ప్రకటనని వేలాది చర్చామండలుల్లో ఒక్కసారిగా గుమ్మరించింది. ఆ దెబ్బతో ఆ పేరు వ్యాపారుల నెత్తిన స్థిరపడింది. స్నేహితులు ఒకర్నొకరు ఏడిపించుకునే మాటని పరాయివాడు సొంతం చేసుకున్నాడు.

ఆ ఇంజనీర్లు మాత్రం హాస్యం వదులుకోలేదు. ఇంటర్నెట్ నియమాలు ప్రకటించే గంభీరమైన పత్రాల వరసలోనే ఏటా ఏప్రిల్ ఒకటిన హాస్య పత్రాలు చేరుస్తుంటారు. 1990లో సందేశాల్ని పావురాల కాళ్లకి కట్టి పంపే పద్ధతి నిర్దేశించారు. 2001లో నార్వేలోని బెర్గెన్ కుర్రాళ్లు దాన్ని నిజంగానే చేసి చూశారు. తొమ్మిది సందేశాలు పంపితే నాలుగింటికి జవాబొచ్చింది. నా స్నేహితుడి ఉత్తరంతో పోలిస్తే పావురమే నయం!

2003 ఏప్రిల్ ఒకటిన స్టీవెన్ బెల్లోవిన్ రాసిన పత్రం మరీ బాగుంటుంది. దుర్బుద్ధితో పంపే ప్రతి సందేశం మీదా 'ఇది దుష్టం' అని తెలిపే గుర్తొకటి పంపేవాడే విధిగా పెట్టుకోవాలి, అప్పుడు కాపలావాళ్ల పని తేలిక అని. దొంగలందరూ నుదుట గంటుబొట్టు పెట్టుకుని కన్నం వెయ్యాలన్నమాట. నవ్వొస్తుంది. నవ్వాక తెలుస్తుంది, మన జల్లెడలన్నీ వెతికేది ఆ బొట్టునేనని. లేని బొట్టు కోసం ఎరుపునీ, 'మేడమ్'నీ పట్టుకుంటున్నాం. గ్రాహం వంద పంక్తుల్లో చెప్పినదాని పరిమితిని ఈ పరిహాసం ఒక్క ఊహతో చెప్పింది.

ఆ పరిమితి గ్రాహమ్‌కీ ఎదురైంది. మొదటి వ్యాసంలో తన జల్లెడ వెయ్యి చెత్త ఉత్తరాలకి అయిదు కూడా వదలదనీ, ఒక్క మంచి ఉత్తరాన్నీ పట్టలేదనీ మురిసిపోయాడు. 2003 జనవరిలో 'బెటర్ బేసియన్ ఫిల్టరింగ్' అని రెండో వ్యాసం రాశాడు. ఆ మెరుగుపరచిన జల్లెడ ఈజిప్టు నుంచి ఎవరో రాసిన ఉత్తరాన్ని చెత్త అనేసింది. చేసిన తప్పల్లా అన్నీ పెద్దక్షరాలతో రాయడం. ఇంగ్లీషు ప్రకటనలవాళ్లు అలా అరుస్తారు గనక, అతడూ అరిచాడనుకుంది. పాత జల్లెడకి ఆ తేడా తెలియదు కాబట్టి వదిలేసేదే. శాస్త్రం ముదిరినకొద్దీ అమాయకుడు చిక్కాడు. గ్రాహం దాన్ని దాచకుండా రాయడం గొప్పే. అయినా నా మనసు ఆ ఈజిప్టు మనిషి చుట్టూనే తిరుగుతోంది. అంత దూరాన్నించి రాసి, ఎన్ని రోజులు జవాబు కోసం చూశాడో!

ఈ వ్యాసంతో నా పేచీ ఇక్కడే. ఎవరి జల్లెడ వారి ఉత్తరాలు చూసి నేర్చుకోవాలని గ్రాహం పట్టుబట్టాడు. తనఖాల వ్యాపారికి తనఖా అన్న మాట నేరం కాకూడదుగా! అది ఆయన చెప్పిన అన్నిటికన్నా విలువైన మాట. నావంటి వాళ్ల పెట్టెలకి కాపలా కాసేవి చాలావరకు కోట్లమందికి ఉమ్మడి జల్లెడలు. మా ఇద్దరి మధ్య అరవై ఏళ్ల పకోడీల భాష వాటికి తెలియదు. అయితే సొంత జల్లెడ ఉన్నా కొత్తవాడికి న్యాయం జరగదని ఈజిప్టు ఉత్తరమే సాక్ష్యం. ఇదివరకు వచ్చినవాటిని చూసి ఇకమీద రాబోయేదాన్ని తూచేవాడు, ఇదివరకెన్నడూ రానిదాన్ని తూచలేడు. ఆ మాట వ్యాసంలో ఇంకాస్త గట్టిగా ఉండాల్సింది.

అవతలివాళ్లూ ఊరుకోలేదు. లెక్కల జల్లెడని బురిడీ కొట్టడానికి అమ్మకపు ఉత్తరాల కింద పాత నవలల్లోంచి ముక్కలు కోసి అతికించడం మొదలెట్టారు. మందుబిళ్లల ప్రకటనకి సాహిత్యం తోడుపెళ్లికూతురు! మంచి మాటలున్నంత మాత్రాన మంచి రచన కాదని మనం మూడు తరాలుగా మొత్తుకుంటున్నదే అది.

మొత్తుకుంటున్నామా, నిజంగా? నా పాత సమీక్షలు తీసి చూసుకున్నాను. వెన్నెలా, వీణా కనబడితే భావకవిత్వం అన్నాను. పిడికిలీ, నెత్తురూ ఉంటే విప్లవమన్నాను. ఎరుపు నా దగ్గరా 0.99 మార్కే. పదిహేను మాటలు కూడా చూడకుండా పక్కన పెట్టిన పుస్తకాలు ఎన్నో. యంత్రం మంచి మాటని రెండుసార్లు లెక్కపెట్టింది, నేను ఒక్కసారైనా సరిగ్గా లెక్కపెట్టానా అని అనుమానం. దానికున్న చెత్తబుట్ట నయం, తెరిచి చూసుకోవచ్చు. నాది పాత కాగితాలవాడు ఎప్పుడో తూకానికి పట్టుకుపోయాడు.

అందుకని ఈ మధ్య రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ చెత్తబుట్ట తెరిచి చూడడం అలవాటు చేసుకున్నాను. కోటీశ్వరులూ, రాణీగార్లూ నన్ను ఎంతో గౌరవంగా పలకరిస్తూంటారు. వాళ్లందర్నీ దాటుకుని వెళ్లి, ఎవరైనా నన్ను తిడుతున్నారేమోనని వెతుక్కుంటాను.

స్నేహితుడికి జవాబు రాశాను. క్షమించమని మర్యాదగా రాస్తే నమ్మడని తెలుసు. చిన్నప్పుడు గోదావరి గట్టున నేర్చుకున్న మాటలన్నీ పేరు పేరునా గుర్తు చేసుకుని, ఒక పేజీడు తిట్టి, కింద పకోడీలు సిద్ధం అని సంతకం చేశాను. వారం గడిచింది. జవాబు లేదు. ఇక వాడు శాశ్వతంగా 'అండీ' అయిపోయాడనుకున్నాను.

ఎనిమిదో రోజున ఫోను మోగింది.

"ఒరే వెధవా, నీ ఉత్తరం మా చెత్తబుట్టలో ఉందిరా!"