మౌస్ ఎవరి చేతిలో ఉంది?

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే పేపరు మడతలోంచి రోజుకో కరపత్రం రాలుతుంది. ఈ వారం రాలినదాని మీద ఒక తెల్ల రోబో, దాని చెయ్యి పట్టుకుని నవ్వుతున్న పిల్లాడు, కింద ‘మా దగ్గర మూడో తరగతి నుంచే ఏఐ’ అని ఎర్రటి అక్షరాలు. 2026-27 విద్యా సంవత్సరం నుంచి మూడో తరగతి మొదలుకొని ఏఐ, కంప్యుటేషనల్ థింకింగ్ నేర్పిస్తామని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. దాని మీద ప్రచారం అప్పుడే మొదలైంది. కరపత్రం రెండు వైపులా చదివాను. ఆ యంత్రం తప్పు చెబితే ఆ పిల్లాడు ఏం చేయాలో నేర్పుతామన్న మాట ఎక్కడా లేదు. కోపం వచ్చింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పట్టుదల తెలుసు. బడికి ముందు లైబ్రరీ కావాలి, అందులో పుస్తకాలు బీరువాలో మూలగకుండా పిల్లల చేతుల్లో నలగాలి, కంప్యూటర్ల సంగతి ఆ తర్వాత. అందుకే ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మేడమ్ కంప్యూటర్ ముట్టకుండానే ఏఐ పాఠం చెబుతున్నారని విని, ఉండబట్టలేక వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను.

ఎనిమిదో తరగతి. బల్ల మీద రెండు అట్టపెట్టెలు. ఒకదాని మీద ‘రేషన్ కార్డులు’, ఇంకోదాని మీద ‘కార్లు’ అని రాసి ఉంది. రెండింట్లోనూ మేడమ్ కల్పించిన పేర్ల చీటీలు, ఆఫీసు రికార్డుల్లో ఎలా ఉంటాయో అలాగే, ఇంగ్లిష్ అక్షరాల్లో. ఒక లక్ష్మికి మధ్యలో ‘ఎక్స్’, ఇంకో లక్ష్మికి ‘కేఎస్‌హెచ్’. ఒక చీటీలో మహ్మద్ అని పూర్తిగా, మరోదాంట్లో ‘ఎండీ’ అని రెండే అక్షరాలు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట వట్టి పొడి అక్షరం. పిల్లలే యంత్రం. వాళ్లకిచ్చిన సూత్రం ఒకటే: పేరులో మొదటి నాలుగు అక్షరాలు, ఊరు కలిస్తే ఇద్దరూ ఒకే మనిషి, ఆ మనిషికి కారుంటే రేషన్ కార్డు పక్కన పెట్టెయ్యాలి.

పిల్లలు చకచకా జతలు కలిపారు. రద్దయిన కార్డుల కుప్ప పెరిగింది. అప్పుడు మేడమ్ చీటీలు తిరగేయమన్నారు. వెనకవైపు ఆ మనిషి అసలు బతుకుతెరువు రాసి ఉంది. హమాలీ. బీడీలు చుట్టే మనిషి. ఇటుక బట్టీలో కూలి. కారున్నవాళ్లూ దొరికారు, లేకపోలేదు, కానీ కుప్పలో ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్లే. ఒక పిల్లాడు లేచి, ‘పేరు మొత్తం కలిస్తేనే తీసేద్దాం మేడమ్’ అన్నాడు. మళ్లీ ఆడారు. ఈసారి హమాలీ బతికిపోయాడు, అక్షరం తేడాతో కారు యజమాని కూడా తప్పించుకున్నాడు. ఇక చూడండి, తరగతి రెండుగా చీలిపోయింది. దొంగ ఒకడు తప్పించుకుంటే ఎక్కువ నష్టమా, ఆకలిగా ఉన్న మనిషికి బియ్యం ఆగితే ఎక్కువ నష్టమా? ఈ వాదులాట మధ్యలో కిటికీ పక్క అమ్మాయి, ‘బియ్యం ఆగినోళ్లు ఎవరికి చెప్పాలె మేడమ్?’ అని అడిగింది. ఏఐ నీతి మీద నేను చదివిన లావుపాటి పుస్తకాలేవీ ఈ ప్రశ్నను దాటి పోలేదు.

ఇది గాల్లోంచి అల్లిన ఆట కాదు. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ ప్రభుత్వ శాఖల రికార్డుల్లోని పేర్లు, చిరునామాలు పోల్చి ఒక మనిషికి ఏమేం ఉన్నాయో తేలుస్తుంది. భర్త పేరును పోలిన మరెవరికో కారుండటంతో, రిక్షా తొక్కిన మనిషి భార్యకు రేషన్ అందకుండా పోయిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ తరగతిలో కొందరి ఇళ్లలో ఈ కథ పాఠం కాదు, అనుభవం.

కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ సైన్స్ చెప్పడం కొత్తదేమీ కాదు. న్యూజిలాండ్‌లో టిమ్ బెల్, ఆయన సహచరులు ‘అన్‌ప్లగ్డ్’ పేరుతో 1990ల నుంచీ ఈ పని చేస్తున్నారు. మనకూ అది అవసరమే: బడుల వివరాలు సేకరించే కేంద్ర విద్యాశాఖ ‘యూడైస్’ 2023-24 లెక్కల ప్రకారం మన దేశంలో కంప్యూటర్ ఉన్న బడులు 57 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 54 శాతం. ఇక నేనేమంటానో మీరు ఊహించే ఉంటారు: చీటీలు చాలు, కంప్యూటర్లకు పెట్టే డబ్బుతో పుస్తకాలు కొనండి అని.

అనను. ఎందుకంటే ఆ మధ్యాహ్నమే అదే బడిలో కంప్యూటర్ గది చూశాను. పనిచేసే కంప్యూటర్లు తక్కువ, ఒక్కోదాని చుట్టూ అరడజను మంది పిల్లలు. ప్రతి కంప్యూటర్ దగ్గరా మౌస్ ఒక మగపిల్లాడి చేతిలో ఉంది, ఇంట్లో కంప్యూటరో అన్నయ్య ల్యాప్‌టాపో ఉన్నవాడి చేతిలో. ఆడపిల్లలు వెనక నిలబడి నోటుబుక్కులో స్టెప్పులు రాసుకుంటున్నారు. పొద్దున అంత ప్రశ్న వేసిన కిటికీ పక్క అమ్మాయి కూడా రాసుకుంటూనే ఉంది.

యంత్రం చేతికి అందితే ఏం తేడా వస్తుందో చూడండి. జాయ్ బులమ్విని అమెరికాలోని ఎంఐటీలో చదువుతూ ఒక ప్రోగ్రాం తయారు చేస్తుంటే, ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ ఆమె నల్లని ముఖాన్ని పోల్చుకోలేదు. తెల్ల ముసుగు తొడుక్కుంటే పోల్చుకుంది. ఆ తర్వాత టిమ్నిట్ గెబ్రూతో కలిసి 1,270 ఫొటోలతో పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించింది. 2018లో వచ్చిన ఆ ఫలితాల్లో, తెల్ల మగవాళ్లను ఆడా మగా అని తేల్చడంలో పొరపాట్లు ఎంత ఎక్కువన్నా 0.8 శాతం, నల్ల ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా. అన్యాయం ఆమెకు ముందూ ఎందరికో జరిగే ఉంటుంది. పట్టుకున్నది మాత్రం కీబోర్డు ముందు కూర్చుని, ఆ యంత్రాన్ని విప్పి చూడగలిగిన మనిషి.

కాబట్టి పేద పిల్లలకు చీటీల పాఠం, ఫీజు కట్టగలిగినవాళ్లకు యంత్రం అని పంచితే, ఒకరికి అన్యాయాన్ని గుర్తుపట్టడం, ఇంకొకరికి దాన్ని తయారు చేయడం నేర్పినట్టే అవుతుంది. చీటీలూ కావాలి, కంప్యూటరూ కావాలి, ఆ రెండూ ఒకే పిల్లకు కావాలి.

లెక్కల మేడమ్ వచ్చే నెల అవే చీటీలను పిల్లలతో ఎక్సెల్‌లో ఎక్కించి, సూత్రాలు వాళ్లనే రాయనివ్వాలనుకుంటున్నారు. ఆడపిల్లలకు విడిగా పీరియడు అడిగారు. గదిలో పాడైన కంప్యూటర్లు బాగుచేయించమనీ, గది తాళంచెవి తనకూ ఒకటి ఇమ్మనీ అర్జీ పెట్టారు. జవాబు ఇంకా రాలేదు. మూడో తరగతి ఏఐ పుస్తకం అచ్చుకు పంపే ముందు విద్యాశాఖ తీర్చాల్సింది ఈ అర్జీనే.