పడిగె – పాఠం – ప్రదర్శనశాల: కోయ మౌఖిక సాహిత్య దృష్టితో ఒక పరిశీలన

కోయల ఇలవేల్పుల కథలను బొమ్మలుగా నిలుపుకొన్న త్రికోణాకార వస్త్రం పడిగె. డోలి కోయలు డోలు వాయిస్తూ గానం చేసినప్పుడే ఆ బొమ్మలు కథగా విచ్చుకుంటాయి. కనుక పడిగె చిత్రమే కాదు, పాఠం కూడా. గానాన్ని విడదీసి దాన్ని గాజు పెట్టెలో భద్రపరిస్తే వస్త్రం మిగులుతుంది, పాఠం పోతుంది. ఖమ్మం–భద్రాచలం అటవీ ప్రాంత ప్రజలకు ఉపకరించదలచిన ఏ విశ్వవిద్యాలయ కళాప్రదర్శనశాలైనా ముందుగా ఎదుర్కోవలసిన సమస్య ఇది.

2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం హామీ ఇచ్చిన గిరిజన విశ్వవిద్యాలయం, 2023 చట్ట సవరణతో ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంగా రూపుదాల్చింది. ఆ అడవులకు ఇంత చేరువలో ఉన్న విద్యాసంస్థ ప్రదర్శనశాలను సంకల్పిస్తే, దాని తొలి పాఠకుడు కోయ సమాజమే కావాలి. గిరిజన జీవితాన్ని బయటివారికి పరిచయం చేయడం ఆ తరువాతి పని.

పాఠం ఎంత సులభంగా చేజారుతుందో చేర్యాల నకాశీ పటం చెబుతుంది. కులపురాణ గాయకుల చేతిలో కథాసాధనమైన ఆ పటం నేడు ఎక్కువగా గోడ అలంకరణగా, బొమ్మగా, ముసుగుగా విపణిలో నిలిచింది. చిత్రకారుడికి బతుకుతెరువు దొరకడం మేలే. అయితే కథకుడు లేని పటం దృశ్యంగానే మిగిలింది. పడిగె విషయంలో ఈ ప్రమాదం మరింత తీవ్రం; అది ఆరాధనా వస్తువు కూడా. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య 2022లో పద్మశ్రీ పొంది, 2024లో కన్నుమూశారు. అటువంటి గాయకుడితోపాటు ఒక పఠన పద్ధతే అంతరించే అవకాశం ఉంది.

కాబట్టి ప్రదర్శనశాల ప్రణాళికలో గోడలకన్నా ముందు గాయకుడికి చోటుండాలి. డోలి గాయకులను బోధకులుగా నియమించి, యువతరానికి వారి వద్ద శిక్షణ ఇప్పించాలి. ప్రతి పడిగెకూ కోయ, తెలుగు భాషల్లో వివరణతోపాటు గాన ధ్వనిముద్రణ ఉండాలి. ఏది అందరికీ చూపదగినదో, ఏది కాదో నిర్ణయించే అధికారం ఆయా వంశాల పెద్దలదే కావాలి. జాతర వేళ పడిగె తన ఊరికి వెళ్లాలి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ మానవశాస్త్ర ప్రదర్శనశాల ఆదివాసీ సమాజాల క్రతువులకు వస్తువులను ఎరువిచ్చే పద్ధతిని పాటిస్తున్నది. 2014లో చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరడంతో పరిపాలనాపరంగా విడిపోయిన కోయలకు కూడా ఈ రాకపోకలు వర్తించాలి.

వస్త్రం ఎంత కదిలితే అంత త్వరగా శిథిలమవుతుందన్న పరిరక్షకుల అభ్యంతరం సమంజసమైనదే. కానీ కదలని వస్త్రానికి ఆయుష్షు పెరిగినా అర్థం తరుగుతుంది. ఈ రెంటి మధ్య తూకం నిర్ణయించడం పరిరక్షకుడి ఒక్కడి పని కాదు. పడిగెను లిఖిత ప్రతితో సమానమైన సాహిత్య ఆధారంగా స్వీకరించవలసిన తెలుగు శాఖలకూ అందులో బాధ్యత ఉంది.