నక్షత్రాల వరసా, ఒక ముద్దూ

డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయిలకి ఇంగ్లీషు చెబుతున్నాను. ఎక్కువమంది తెలుగు మీడియం బడుల నించి వచ్చినవాళ్ళు. మాటలు ఊరికే బట్టీ పెట్టిస్తే నిలవవు కనక ఏదో ఒక విషయం చుట్టూ అల్లి చెప్పమంటారు. ఈసారి నా వంతుకి వచ్చింది అంతరిక్షం. ‘ఓవర్ ద మూన్’ అంటే పట్టరాని సంతోషం. ‘నాట్ రాకెట్ సైన్స్’ అంటే అదేమంత బ్రహ్మవిద్య కాదని. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే ఏ పుష్కరానికో ఒకసారి. (ఒకే నెలలో రెండో పున్నమి నిజానికి రెండున్నరేళ్ళకోసారి వస్తూనే ఉంటుంది. మన పుష్కరమే నయం, పన్నెండేళ్ళు ఆగుతుంది.) పిల్లలు హుషారుగా రాసుకున్నారు.

తర్వాత గ్రహాల నించి పుట్టిన విశేషణాలు. జూపిటర్ నించి జోవియల్, సరదా మనిషి. మార్స్ నించి మార్షల్, యుద్ధానికి సంబంధించినది. మెర్క్యురీ నించి మెర్క్యురియల్, ఘడియకో తీరుగా ఉండేవాడు. శాటర్న్ నించి శాటర్నైన్, ముభావి. పట్టిక అక్కడితో అయిపోయింది. రెండో బెంచీ అమ్మాయి లేచి, “మరి వీనస్ కి లేదా మేడమ్?” అంది.

లేకేం, ఉంది. వెనీరియల్. స్త్రీల రచనల మీద థీసిస్ రాసి పట్టా తెచ్చుకున్న నేను, నిండా అమ్మాయిలే ఉన్న తరగతిలో, “మళ్ళీ చెప్తాలేమ్మా” అని దాటేశాను.

పుస్తకం మింగేసిన మాటని నేనూ మింగేశానే అని ఆ రాత్రంతా సిగ్గేసింది. నలుగురు మగదేవుళ్ళకీ నాలుగు స్వభావాలు దక్కాయి. ఉన్న ఒక్క దేవత పేరూ రోగానికి అంటుకుపోయింది. ఎంతగా అంటే, శుక్రగ్రహానికి సంబంధించినది అని చెప్పడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు కూడా ఆ మాట వాడలేక వీనూసియన్ అని ఇంకోటి తెచ్చుకున్నారు. మనకి శుక్రుడు మగవాడు, రాక్షసుల గురువు. ఆ రోగాలకి మనం పెట్టుకున్న పేరు సుఖవ్యాధులు. ఎవరి సుఖమో, ఎవరి వ్యాధో ఆ పేరూ చెప్పదు.

మర్నాడు అన్నీ చెప్పాను. ఆ గ్రహం మీది గోతులకీ మిట్టలకీ స్త్రీల పేర్లే పెట్టాలని అంతర్జాతీయ ఖగోళ సంఘం నియమం పెట్టుకుందని, అక్కడ మన ఆనందీబాయి జోషీ పేర, పండిత రమాబాయి పేర గోతులున్నాయని కూడా చెప్పాను. అయితే అక్కడి అన్నిటికన్నా ఎత్తయిన కొండకి మాత్రం మాక్స్‌వెల్ అనే శాస్త్రజ్ఞుడి పేరు ముందే పెట్టేశారు. నియమం వచ్చాకా దాన్ని ఎవరూ కదపలేదు.

ఆ పాఠంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఒక చిన్న పెట్టెలో అచ్చువేసిన వాక్యం. నక్షత్రాలని వేడిని బట్టి ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎమ్ అని వరస పెడతారు. అది గుర్తుండటానికి తరతరాలుగా నేర్పుతున్న కొండగుర్తు: ‘ఓ, బీ ఎ ఫైన్ గర్ల్, కిస్ మీ’. మంచి పిల్లలా ఉండు, ముద్దుపెట్టు. ఆజ్ఞార్థక వాక్యానికి ఉదాహరణగా కూడా పనికొస్తుందని కింద సూచన.

ఆ వరసని స్థిరపరిచింది యానీ జంప్ కానన్ అనే స్త్రీ. 1896లో హార్వర్డ్ అబ్జర్వేటరీలో చేరింది. చెవులు సరిగా వినపడవు. గాజుపలకల మీది గీతలు చూసి దాదాపు మూడున్నర లక్షల నక్షత్రాలని వర్గీకరించింది. ఆమెతోపాటు పనిచేసిన స్త్రీలకి అక్కడ జీతం గంటకి పాతిక సెంట్లు మొదలు. కంప్యూటర్ అన్న మాటకి అప్పటి అర్థం లెక్కలు కట్టే మనిషి. వీళ్ళని అలాగే పిలిచేవారు. డైరెక్టరు పేరు తగిలించి ‘పికరింగ్ అంతఃపురం’ అని కూడా పరిహాసం చేసేవారు. 1922లో ఆమె పద్ధతిని ప్రపంచమంతా ఒప్పుకుంది. హార్వర్డ్ ఆమెకి సరైన పదవి ఇచ్చింది 1938లో.

అంటే వరస పెట్టినావిడ పేరు పోయి, ముద్దు మిగిలింది. గర్ల్ బదులు గై అని మార్చి చెప్పేవాళ్ళు ఇప్పుడున్నారు. అక్షరం కూడా అదే కనక సరిపోతుంది. నాకు మాత్రం అది తప్పించుకోవడంలాగే అనిపిస్తుంది. ముద్దు ఎవరిదైతేనేం, అందులో కానన్ ఎక్కడుంది? మా సహోద్యోగి ఒకాయన, “భాష చెప్పమంటే చరిత్ర చెబుతావేంటమ్మా, వాళ్ళకి ఉద్యోగానికి నాలుగు ముక్కలు వస్తే చాలు” అన్నారు. నాలుగు ముక్కలూ రావాలి, నేనూ కాదనను. ఇంగ్లీషు రాక ఇంటర్వ్యూల్లో తల దించుకున్న రోజులు నాకూ ఉన్నాయి. కానీ ఆ ముక్కల్లో ‘మంచి పిల్లలా ఉండు’ అన్నది కూడా ఉందని వాళ్ళకి తెలియొద్దా?

పాఠం చివర రెండో బెంచీ అమ్మాయి మళ్ళీ లేచింది. “మార్స్ అంటే కుజుడే కదా మేడమ్?” అవునన్నాను. “మా అక్కకి కుజదోషమని రెండు సంబంధాలు తప్పిపోయాయి” అని కూర్చుంది. వెనక ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. కుజదోషం మగపిల్లలకీ చూస్తారు. దానివల్ల ఇంట్లో ఉండిపోయేది ఎక్కువగా ఎవరో నేను చెప్పక్కర్లేదు.

కొత్త మాటలతో సొంత వాక్యాలు రాయమని ఇచ్చాను. ఆ అమ్మాయి నోట్సులో మార్షల్ అన్న మాటకి ఎదురుగా, ‘మై సిస్టర్ ఈజ్ మార్షల్’ అని ఉంది. వాడుక ప్రకారం ఎబ్బెట్టు వాక్యం. ఎర్ర సిరా పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. దిద్దలేదు.