బుగులు, మనాది, శిగం: మన బాధకు పేరెవరు పెట్టాలె?

దామరచర్ల వైపు ఊర్లల్లో మనసు చెదిరిన మనిషిని 'మానసిక రోగి' అని ఎవరూ అనరు. భయం లోపలికి దిగి కూర్చుంటే బుగులు పట్టిందంటరు. దుఃఖం కదలకుండా ఉండిపోతే మనాది పెట్టుకుందంటరు, రంది పడ్డదంటరు. మనిషి మన ముందే ఉండి మనతో లేకుండా పోతే సోయి తప్పిందంటరు. అమ్మవారు ఒంటి మీదికొస్తే శిగమొచ్చిందంటరు. ఇంగ్లీషు వైద్య గ్రంథాల్లో ఒత్తిడి, మూడ్, డిసోసియేషన్ అనే మూడు అధ్యాయాలుగా ఉన్న సంగతులకు వాడలో ఎప్పటినుంచో ఈ మాటలున్నయి. ఈ రెండు భాషలు ఎదురుపడ్డ చోట దళితులకు ఏం జరుగుతున్నదో పరిశీలించడమే ఈ వ్యాసం పని.

మాకు తెలిసిన ఒక తల్లి సంగతి ముందు చెప్తాం. ఆమె పత్తి ఏరే కూలి. ఒక రాత్రి కొందరొచ్చి ఇంటాయనను బయటికి గుంజి కొట్టిన్రు. ఆమె చూసింది, అరవలేదు. కేసు రాజీలో ముగిసింది. ఆర్నెల్ల తర్వాత, ఇంటి ముందు మోటార్ సైకిల్ ఆగితే చాలు, చేతులు కొంకర్లు పోయి పడిపోయేది. లేచినంక ఏమీ గుర్తుండేది కాదు. ఊరోళ్లు గాలి సోకిందన్నరు. పట్నంలో ఒక డాక్టరు తలకు పరీక్షలు చేయించి, ఏమీ లేదు, హిస్టీరియా, నటిస్తున్నదన్నడు. ఆ రాత్రి ఏమైందని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఈ ఒక్క విషయంలో భూతవైద్యుడికీ చదువుకున్న డాక్టరుకూ తేడా లేకుండా పోయింది.

ఆమె నటించలేదు. ఎదిరించే వీలూ పారిపోయే వీలూ లేనప్పుడు మనసు కొన్నిసార్లు తనను తాను ఆ చోటు నుంచి తెంపుకుంటది. జ్ఞాపకం, స్పృహ, ఒంటి మీద అదుపు, మామూలుగా కలిసి నడిచే ఈ మూడూ విడిపోతయి. దీన్నే డిసోసియేషన్ అంటున్నరు. ఇట్లొచ్చే ఫిట్స్‌లో మెదడులో మూర్ఛరోగపు విద్యుత్ అలజడి కనిపించదు. కానీ అది ఆ మనిషి కావాలని చేసేది కాదు. గ్రీకులో గర్భసంచి అనే మాట నుంచి పుట్టిన 'హిస్టీరియా' అనే పేరును అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో జబ్బు పేరుగా 1980లోనే వదులుకున్నది. మన వార్డుల్లో ఆ మాట ఇంకా బతికే ఉన్నది. ఎందుకంటే అది ఆడదాని మాటను, అందులోనూ కూలి మనిషి మాటను, నమ్మకుండా ఉండటానికి పనికొస్తది.

అదే 1980 గ్రంథం ఘోరమైన దెబ్బ తర్వాత వచ్చే మానసిక రుగ్మతను మొదటిసారి విడిగా గుర్తించింది. అది పూర్తిగా డాక్టర్ల దయ కాదు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు పోరాడిన్రు. అత్యాచారాల మీద స్త్రీల ఉద్యమం మాట్లాడింది. జబ్బుల పేర్లు ఆకాశం నుంచి ఊడిపడవు, వాటి వెనక ఉద్యమాలుంటయని మనం ముందు గుర్తు పెట్టుకోవాలె.

అయితే ఆ పేరుకు అప్పుడు పెట్టిన షరతు చూడండి. దెబ్బ మామూలు మానవ అనుభవానికి బయట ఉండాలన్నరు. ఎవరి మామూలు అనుభవం? కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగినయి. చుండూరులో గొడవ సినిమా హాల్లో కాలు తగలడంతో మొదలై ఎనిమిది మంది దళితుల హత్యకు చేరింది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. రోజూ సినిమా హాల్లో, హోటల్లో, బావి దగ్గర కాలు ఎక్కడ తగులుతదోనని చూసుకుంట బతికేటోళ్లకు బుగులు అసాధారణం కాదు, దినచర్య. ఆ షరతును 1994లో తీసేసిన్రు. 2013 కూర్పు మాత్రం చావు, తీవ్ర గాయం, లైంగిక హింస, లేదా వాటి ముప్పు అని గీత గీసింది. దినదిన అవమానానికి అందులో చోటు లేదు. దాని తర్వాత వచ్చే బాధకు తరచుగా దొరికే పేరు 'సర్దుబాటు రుగ్మత'. ఈ పేరును మన భాషలో ఒక్కసారి పైకి చదువుకుంటే చాలు. సర్దుకుపొమ్మని దొర చెప్పిండు, సర్దుకోలేకపోవడమే నీ రోగమని ఇప్పుడు పుస్తకం చెప్తున్నది.

అవమానం ఎంత లోతుగా దిగుతదో అంబేడ్కర్ తన జ్ఞాపకాల్లో రాసిండు. తొమ్మిదేళ్ల పిల్లవాడిగా 1901లో తండ్రి దగ్గరికి పోతూ మసూర్ రైల్వే స్టేషన్లో దిగినప్పుడు, కులం తెలియగానే స్టేషన్ మాస్టర్ ముఖం మారిపోవడం, బండి దొరకకపోవడం, అన్నమున్నా నీళ్లు లేక ఆకలితో పడుకోవడం, ముప్పై ఏళ్లు దాటినంక కూడా ఆయనకు పూస గుచ్చినట్టు గుర్తున్నయి. ఆ ప్రయాణంలో ఎవరూ ఆయన మీద చెయ్యి చేసుకోలేదు. గ్రంథం గీత ప్రకారం అది 'దెబ్బ' కాదు.

ఇక మూడ్ సంగతి. ఈ మాటను అవసరాన్ని బట్టి ఎవరికి ఎట్ల వాడుతరో చూడాలె. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములను, నలుగురు తోటి దళిత విద్యార్థులను హాస్టల్ నుంచి వెళ్లగొట్టిన్రు. నెలల తరబడి ఫెలోషిప్ అందలేదు. 2016 జనవరి 17న ఆయన చనిపోతే, విచారణ కమిషన్ వ్యక్తిగత నిరాశే కారణమని తేల్చింది. అక్కడ మనసును ముందుకు తెచ్చి కులాన్ని దాచిన్రు. మా మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్ 14న పెరుమాళ్ల ప్రణయ్‌ను గర్భవతి అయిన భార్య కళ్ల ముందే, ఆస్పత్రి బయట నరికి చంపిన్రు. అప్పుడు చర్చకొచ్చింది చంపించిన తండ్రి మనోవేదన, ఆయన పరువు, ఆయన ప్రేమ. 2025 మార్చి 10న నల్లగొండ ప్రత్యేక కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసేదాకా ఆరున్నరేళ్లు ఆ కుటుంబం ఏ బుగులుతో నిద్రపోయిందని అడిగినోళ్లు తక్కువ. పై కులపోడి కోపానికి మనస్తత్వ శాస్త్రం సానుభూతి అవుతది, దళితుని దుఃఖానికి సాక్ష్యం కొట్టేసే ఆయుధమవుతది.

దామరచర్ల మండలం వీర్లపాలెంలో 2015 జూన్ 8న నాలుగు వేల మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. భూమి పోయిన కుటుంబాల లెక్కలో ఎకరాలుంటయి, పరిహారముంటది. పొద్దున లేస్తే పోవడానికి చెలక లేని మనిషి మనాది ఏ రిజిస్టర్లో ఎక్కుతది? పత్రికల మనోవికాస శీర్షికలు పొద్దున నడక, మంచి ఆలోచన, ఇష్టమైన వ్యాపకం అని సలహా ఇస్తయి. రోజంతా వంగి నాటేసే మనిషికి నడక మందని చెప్పడం అజ్ఞానం కాదా?

శిగం దగ్గర మనం జాగ్రత్తగా మాట్లాడాలె. పూజారి లేకుండా ఎవరైనా మాట్లాడగల దేవతగా పోచమ్మను కంచ ఐలయ్య 1996లో మన ముందు పెట్టిండు. ఆ మాటలో బలమున్నది. ఏడాదంతా నోరు మూసుకున్న ఆడమనిషి శిగంలో పటేలును కూడా పేరు పెట్టి అడుగుతది, ఆయన చేతులు కట్టుకుని వింటడు. కానీ మర్నాడు కూలి పెంచడు. ఊరు దానికి గంట సేపు చోటిచ్చింది గానీ హక్కియ్యలేదు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఇక్కడ పాత పుస్తకాల కంటే మేలు. సమాజం ఒప్పుకున్న ఆచారంగా వచ్చే పూనకాన్ని అది రోగమనదు. తనకు ఇష్టం లేకుండా, అదుపు లేకుండా మళ్లీ మళ్లీ వచ్చి బతుకును చెడగొడితేనే జబ్బంటది. కనుక శిగమంతా తిరుగుబాటని మనం పొగడొద్దు, అంతా పిచ్చి అని డాక్టర్లు కొట్టెయ్యొద్దు. ఆ మనిషినే అడగాలె: ఇది నీకు కావాల్నా, వద్దా?

కులమే అన్ని మనోరుగ్మతలకు మూలమని మేము అనడం లేదు. ఒకసారి పట్టలేని ఉత్సాహం, ఒకసారి లేవలేని కుంగుబాటు వచ్చే బైపోలార్ జబ్బుకు వంశపారంపర్యం పాత్ర పెద్దది. దానికి లిథియం పనిచేస్తది. విప్లవం వచ్చేదాకా గోలీ ఆపుమని చెప్పడం నేరం. మా ఉద్యమాలు కూడా ఈ విషయంలో తప్పు చేసినయి. శవాలను లెక్కబెట్టినం, ఎఫ్ఐఆర్ కోసం, పరిహారం కోసం కొట్లాడినం. సభ అయిపోయినంక సాక్షి చెప్పిన ఆడమనిషి రాత్రి నిద్రపోతున్నదా అని అడగలేదు. ధైర్యంగుండాలె అక్కా అని చెప్పి బస్సెక్కినం.

చేతిలో ఉన్నయి వాడుకోవాలె. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కులవివక్ష లేకుండా చికిత్స పొందడం హక్కని రాసింది. ఒక మనిషి రాజకీయ, ఆర్థిక, సామాజిక స్థితిని బట్టి జబ్బు ఉందని తేల్చొద్దన్నది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలన్నది. 2022 నుంచి 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడొచ్చు. ఈ నంబరు ప్రతి హాస్టల్ గోడ మీద ఉండాలె. అట్లనే అట్రాసిటీ కేసులో గాయం లోతు రాసే డాక్టరు బుగులును కూడా రాయాలని మనం అడగాలె. ఆ తల్లి పడిపోవడం ఆ రాత్రికి సాక్ష్యం. దాన్ని గాలి అన్నా, నటన అన్నా పోయేది సాక్ష్యమే.

టీచర్లు, విద్యార్థులు, కార్యకర్తలు తమ ఊళ్లల్లో ఈ బాధలకున్న మాటలను రాసి పెట్టండి. బుగులు ఎప్పుడు మొదలైందో, ఎవరిని చూస్తే పెరుగుతదో అడగండి. గోలీ కావాలంటే ఇప్పించండి, పక్కన కూర్చోండి, కేసు కూడా వెయ్యండి. ఈ మూడింట్లో ఒకటి చేసి రెండు వదిలేస్తే ఆ మనిషి మళ్లీ ఒంటరిదవుతది.