క్యాసెట్టు ఎవరిది?

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించగానే సౌదీ అరేబియా ప్రభుత్వం అమెరికా సైన్యాన్ని ఆహ్వానించింది. ఆ నిర్ణయంపై వాదం రెండు మాధ్యమాలలో నడిచింది. కవి, దౌత్యవేత్త ఘాజీ అల్ గొసైబీ లండన్ కేంద్రంగా వెలువడే ‘అష్షర్ఖ్ అల్ అవ్సత్’ పత్రికలో ప్రభుత్వాన్ని సమర్థిస్తూ రాశారు. సఫర్ అల్ హవాలీ, సల్మాన్ అల్ ఔదా వంటి మతబోధకుల నిరసన ప్రసంగాలు క్యాసెట్లలో వ్యాపించాయి.

దీనిని ‘ఆధునికులకు పత్రిక, ఛాందసులకు క్యాసెట్టు’ అని తేల్చివేయడం తేలిక. కానీ ఉమ్ కుల్సూమ్ పాటలు వినిపించిందీ క్యాసెట్లే. గల్ఫ్ నుంచి మన కార్మికులు ఇంటికి మాటల ఉత్తరాలు పంపిందీ, గద్దర్ పాటలు ఊరూరా చేరిందీ వాటి ద్వారానే. టేపుకు సిద్ధాంతం లేదు.

మరి ఆ శ్రోతలు అటు ఎందుకు చేరారు? సౌదీలో పత్రికకు అనుమతి కావాలి. సంపాదకుని నియామకానికి సమాచార మంత్రిత్వ శాఖ ఆమోదం కావాలి. క్యాసెట్టుకు నకలు తీసే యంత్రం చాలు. కారులో వినవచ్చు, మిత్రునికి ఇవ్వవచ్చు. పైగా మసీదు ప్రసంగం వినడానికి పుట్టినది. అచ్చులో పోయే గొంతు టేపులో నిలుస్తుంది.

తనపై క్యాసెట్లలో వచ్చిన విమర్శకు గొసైబీ 1991లో పుస్తకంతో బదులిచ్చారు. వినేవారికి చదివేవారి మాధ్యమంలో ఇచ్చిన జవాబు అది. 1994 సెప్టెంబరులో ఆ బోధకులిద్దరినీ నిర్బంధించారు. అదే ఏడాది లండన్ చేరిన అసమ్మతివాదులు స్వదేశానికి ఫ్యాక్సులు పంపసాగారు. ఒక దారి మూసుకుంటే మరొకటి తెరుచుకుంది.

కనుక ఏ మాధ్యమం వెనుక ఏ జనం ఉన్నారని అడిగే ముందు, వారికి ఏ తలుపులు మూసి ఉన్నాయో చూడాలి. ఊరి బంధువులు పంపే వాట్సాప్ ఆడియోలను చూసి ప్రవాసంలో మనం నవ్వుకునే ముందు కూడా.